ఒక చుక్క ఎక్కువ

షాపు బోర్డు మీద ఒడియాలో 'విదేశీ మద్యం',
సీసా వెనక చిన్నక్షరాల్లో ఖుర్దా చిరునామా.
పేపరు చుట్టి ఇస్తూ కుర్రాడు "సోడా?" అన్నాడు.
"కాదు, కమలాపండు ఎక్కడ దొరుకుతుంది?" అన్నాను.
చిల్లర లెక్కపెట్టడం ఆపి నన్ను చూశాడు.

పొట్నూరు దండపాణి ఇరవై రెండేళ్లు
ఓడ మీద బారులో నిలబడ్డవాడు.
కింద సముద్రం ఊగుతున్నా
గ్లాసులో అల పుట్టనివ్వని చెయ్యి.
ఇప్పుడు రాయగడ రైల్వే గేటు పక్క రెండు గదుల వాటా,
కాలేయానికి మాత్రలు, ఉప్పులేని పప్పు.
మంగళవారం సాయంత్రం మా వంటింటి గుమ్మంలో
పీట వాల్చుకుని
నాచేత చేయిస్తాడు.

చేదుమందు నేనే కట్టాను.
నేలవేము, దాల్చినచెక్క, నాలుగు లవంగాలు,
ఎండిన కమలాతొక్క,
హార్లిక్స్ సీసాడు వోడ్కాలో పన్నెండు రోజులు
వెంటిలేటరు గూట్లో.
పక్కింటి పాణిగ్రాహి గారి భార్య
"మలేరియాకా?" అని అడిగి చెంచాడు పట్టుకెళ్లింది.
జ్వరం సంగతి చెప్పలేదుగానీ
నిద్ర బాగా పట్టిందట.

మంచుగడ్డ అంత తేలిగ్గా లొంగలేదు.
మొదటివారం గడ్డకి ఎండు నెత్తళ్ల వాసన.
కుసుమ ఫ్రిజ్ తలుపు మూసింది, నోరు తెరిచింది.
"నీళ్లు కాచి, చల్లార్చి, మళ్లా కాచి
సద్దిగిన్నెలో పోసి మూతెట్టాల" అన్నాడు దండపాణి.
కరెంటు పోని రాత్రి చూసుకోవాలి.
పోయింది.
ఇంకో రాత్రి చూసుకున్నాం. మళ్లీ పోయింది.
మూడోవారం తెల్లారి గిన్నె బోర్లిస్తే
గోడ మీది క్యాలెండరు తేదీలు
గడ్డలోంచి కనబడ్డాయి.

ఓల్డ్ ఫ్యాషన్డ్.
పేరు పలికేటప్పుడు ఆయన నడుం నిటారవుతుంది.
చక్కెర బిళ్లలు లేవు, బెల్లం పాకం సరే.
చేదు రెండు చుక్కలు.
విస్కీ, పాపాయి దగ్గుమందు మూతతో ఆరు కొలతలు.
చెంచా వీపు గాజుగోడని ఒరుసుకుంటూ తిరగాలి.
"గంజి కలిపినట్టు కాదురా,
పడుకున్న పిల్లకి దుప్పటి సర్దినట్టు."
తొక్క అగ్గిపుల్ల ముందు వంచి నొక్కితే
చిటుక్కుమని నూనె మండింది.
ఉల్లిపాయలు తరుగుతూ కుసుమ
"ఇదేదో బానే ఉందే" అంది.

విస్కీ సవర్ రోజు గురించి అడక్కండి.
నిమ్మరసం, తెల్లసొన, టిఫిన్ క్యారియర్ గిన్నె.
ఊపుతుంటే మూత ఊడింది.
ఆ క్యాలెండరులో మార్చి నెల ఇప్పటికీ జిగురే.

మాన్‌హట్టన్‌కి కావలసిన వైన్
విశాఖలో అడిగినా దొరకలేదు.
"నేరేడుపళ్లు ఊరబెడదాం, జూన్ దాకా ఆగు" అన్నాడు.
ఆ 'దాకా' దగ్గర
ఇద్దరం కాసేపు ఆగిపోయాం.

గ్లాసు చేతికిస్తే తాగడు.
ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూస్తాడు.
"ఒక చుక్క ఎక్కువైపోనాది" అని
నావైపు జరుపుతాడు.
నేను తాగాలి, ఆయన అడగాలి.
"బాగుంది అనీకు.
ఎక్కడ మొదలైంది? ఎక్కడ ఆగింది?"

గూడ్సు సరుకు లెక్కలు రాసుకునేవాణ్ణి,
నాకు మాటలు తక్కువ.
ముందు కమలా అన్నాను,
తర్వాత కాలిన కొయ్య,
ఆ వెనకాల ఎవరో బెల్లం దాచిపెట్టినట్టు,
చివర్న నాలుక మొదట్లో నేలవేము, కదలకుండా.
ఇంతలో బాక్సైటు బండి గేటు దాటింది,
గ్లాసులో మంచు సన్నగా మోగింది.
నేను చెబుతున్నంతసేపూ
ఆయన గొంతుముడి కిందికీ పైకీ.

వెళ్లేముందు ఆ గ్లాసు ఆయనే కడుగుతాడు,
నన్ను ముట్టుకోనివ్వడు.
బల్బుకి ఎత్తిపట్టి చూసి, మళ్లీ తుడిచి,
పంచదార డబ్బా పక్కన పెడతాడు.
మా ఇంట్లో అంత శుభ్రమైన వస్తువు
మరొకటి లేదు.