మరుగు

నెలలో మొదటి శనివారం.
వార్డు ఆఫీసు ఫ్యాను రెండో నంబరు దాటి తిరగదు.
నా పని చిన్నది:
ఎవరేం మాట్లాడినా
కన్నడంలో, ఒకటిన్నర వాక్యంలో
రిజిస్టరుకెక్కించడం.

ముందు పార్కు గేటుకి స్వాగత తోరణం.
నాలుగు లక్షల ఎనభై వేలు.
టీ చల్లారకముందే మంజూరు.
తర్వాత వీధి దీపాలు. తర్వాత ఎవరిదో కుక్క.

చివర్న లేచింది ఓబులమ్మ,
మడకశిర పక్కనుంచి వచ్చి
ఇరవై రెండేళ్లుగా ఈ బెంగుళూరుని ఊడుస్తున్న మనిషి.
హాజరు మిషను ఆమె వేలిని గుర్తుపట్టదు.
చీపురు అరగదీసిన గీతల్ని
ఏ గాజుపలకా చదవలేదు.
మూడోసారికో నాలుగోసారికో
సరేనంటుంది, దయతలచినట్టు.

"తెల్లారి ఆరింటికి ట్రాన్స్‌ఫార్మరు కింద నిలబడతాం సారూ.
పదకొండు దాకా నీళ్లు తాగం.
తాగితే యాడికి పోవల్ల?
మేం కసువు కొట్టే వాకిళ్లల్లో
ఒక్క తలుపూ మాకు తెరవరు.
పోయిన ఎండాకాలం మా లచ్చుమక్కకి మూత్రంలో మంట,
పన్నెండు దినాల కూలి పాయె.
పద్దెనిమిది మంది ఆడోళ్లం.
మాకింత మరుగు గావల్ల."

జాగా ఎక్కడుందమ్మా అన్నాడు ఇంజనీరు నంజుండయ్య.
అది ఆయన పాత బాణం.
"పంపు హౌసు ఎనక ఉండాది.
నేనే కొల్చినా.
నా చీపురుతో ఎనిమిది పొడుగు, అయిదు అడ్డం."
ఆ గదిలో కొలత తెచ్చుకున్నది
ఆమె ఒక్కతే.

నా పెన్ను ఆగింది.
శౌచాలయం అని రాస్తే సరిపోయేది.
కానీ ఆమె అడిగింది ఒక తలుపు, లోపలివైపు గడియ,
కాసేపు ఎవరి కంటా పడకపోవడం.
ఆ మాటే రాశాను, కన్నడ అక్షరాల్లో,
మా అమ్మ మాటని
చెక్‌పోస్టు దాటించినట్టు.

మరుసటి నెల.
పాత మినిట్స్ చదివి ఒప్పుకోవాలి.
అధ్యక్షురాలు ఒక చోట ఆగిపోయింది:
పద్దెనిమిది మంది మహిళలకు మరుగు.
వాళ్ల భాషలో ఆ మాటకి
కుమిలిపోవడం, కనికరపడటం.
"ఎవరు, ఎందుకు మరుగుతున్నారు?"
ఎవరో నవ్వబోయి దగ్గుతో సరిపెట్టారు.

లేచి మా అర్థం చెప్పాను.
ఇంకొకటి చెప్పలేదు:
మా భాషలో ఫైళ్లు కూడా
మరుగునే పడతాయని.

వెనక బెంచీ నుంచి ఓబులమ్మ,
"రెండూ రాసుకో సారూ, రెండూ నిజమే.
పక్కన తేదీ ఎయ్యి."

కిటికీ బయట తోరణానికి రెండో పూత రంగు.
నా పెన్ను తేదీ గడి మీద నిలబడి ఉంది.
అధ్యక్షురాలు ఇంజనీరు వైపు చూసింది.
ఇంజనీరు గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు.
దాని మీద
ఇంకా పోయిన నెలే.