నీళ్లు నమిలిన సెకన్లు

వాల్దీవియాలో జూన్ వాన
రేకుల మీద పడుతూనే ఉంటుంది.
అందుకే ప్రతి రికార్డింగులోనూ
విద్యార్థి కంటే ముందు వాన మాట్లాడుతుంది.

గంటకి ఇంతని ఇస్తారు నాకు.
చెవులకి హెడ్‌ఫోన్లు, పాదం కింద పెడల్,
విన్నది విన్నట్టు రాయడం నా పని.
"అంటే", "ఊఁ", "కాదు కాదు, ఆగండి",
ఏదీ వదలకూడదు, ఏదీ దిద్దకూడదు.
పేర్లు మాత్రం కొట్టెయ్యాలి.
డాక్టర్ ఒయార్సున్ వెతుకుతున్నది
మొదటి ఏడాది ఇంజనీరింగ్ పిల్లలు
ఎక్కడ పప్పులో కాలేస్తారన్నది కాదు,
వేసిన కాలు ఎలా తీసుకుంటారన్నది.

ప్రశ్న చిన్నదే.
కొలనులో పడవ, పడవలో రాయి.
రాయి తీసి నీళ్లలో పడేస్తే
కొలను మట్టం పెరుగుతుందా, తగ్గుతుందా,
ఉన్నచోటే ఉంటుందా?
లోపల ఏమనుకుంటున్నారో
పైకి చెబుతూ ఆలోచించండి.

"పెరుగుతుంది" అని ఠక్కున అన్నవాళ్లే ఎక్కువ.
ఒకమ్మాయి "తగ్గుతుంది" అంది.
ఎందుకు?
"మీరు అడిగారంటే ఏదో మెలిక ఉంటుంది కదా, మేడమ్."
పట్టికలో ఆమె "సరి" గడిలో పడింది.
నేను నవ్వుకున్నాను.
నా నవ్వుకి పట్టికలో గడి లేదు.

ముప్పై ఆరో రికార్డింగు.
ఎలియాసర్ వెన్చుమాన్.
కొట్టేశాను, కానీ చెవిలోంచి పోలేదు.
వాళ్ల నాన్న నియెబ్లా నుంచి కొర్రాల్‌కి
జనాన్ని పడవలో దాటిస్తాడట.
"పెరుగుతుంది," అన్నాడు,
"రాయి నీళ్లలో చోటు తీసుకుంటుంది కదా. కానీ..."

ఆ కానీ తర్వాత వాన.
కుర్చీ కిర్రుమంది.
చేపల బజారు వైపు నుంచి
సీలయన్ ఒకటి గొంతు చించుకుంది.
నీళ్ల ప్రశ్న దగ్గర ఆ కుర్రాడు
నిజంగానే నీళ్లు నమిలాడు,
ఆ దవడ నుంచి ఈ దవడకి
రాయిని తిప్పుతున్నట్టు.

నిశ్శబ్దానికి బ్రాకెట్, లోపల సెకన్లు. అదీ పద్ధతి.
నాలుగు, అని రాశాను.
ఎందుకంటే నాలుగో సెకను దాటగానే
"పరవాలేదు, బావుంది, తర్వాతిది చూద్దాం," అందావిడ.
ఎంత మెత్తగా అందో!
మునిగేవాడికి చెయ్యి అందించినట్టు.
అతను మునగడం లేదు.
ఈదుతున్నాడు.

వెనక్కి తిప్పి మిగతా ముప్పై ఐదూ విన్నాను.
ఈసారి పిల్లల్ని కాదు, ఆవిణ్ని.
మూడు. రెండు. నాలుగు. మూడు.
ఐదు ఎక్కడా లేదు.
ఒక కాగితం మీద వరసగా రాసి
ఆవిడ బల్ల మీద పెట్టాను.
అది నా పని కాదు.
ఆ గంటకి డబ్బు కూడా అడగలేదు.

చదివింది. అద్దాలు తీసి తుడుచుకుంది.
"నేను వినడానికే కూర్చున్నాననుకున్నానే," అంది.
తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.
లెక్కపెట్టాలనిపించింది. మానేశాను.

వారం తర్వాత వచ్చిన ఫైలుకి
ఆవిడే ఒక చీటీ జత చేసింది:
"ఇది లెక్కలోకి రాదు, అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగాను.
అయినా టైపు చెయ్యి."
అదే గది, అదే వాన, అదే కుర్రాడు.
"పెరుగుతుంది అన్నాను కదా. కానీ..."

ఐదు దాటింది.
ఏడు దగ్గర ఆవిడ ఊపిరి పీల్చింది,
మాట నాలుక చివర దాకా వచ్చి ఆగింది.
తొమ్మిది.
పదకొండు.

"నాన్న పడవలో జనం ఎక్కువైతే
అంచు నీళ్ల దాకా దిగుతుంది.
రాయి పడవలో ఉన్నంతసేపూ
దాని బరువుకి సరిపడా నీళ్లు పక్కకి జరగాలి.
అడుక్కి పోయాక దాన్ని నీళ్లు మోయలేవు, నేల మోస్తుంది.
అప్పుడిక దాని ఒళ్లు పట్టేటన్ని నీళ్లే.
రాయికి బరువెక్కువ, ఒళ్లు తక్కువ...
అయ్యో, అయితే తగ్గుతుందా?"

ఆవిడ అవుననలేదు, కాదనలేదు.
"నీకేమనిపిస్తోంది?" అంది.

అతను నవ్వాడు.
ఆ నవ్వుని
ఉన్నది ఉన్నట్టు రాశాను.