అరిగిన పాదం

కొర్లగుంటలో మా కొట్టు ముందర
ఇప్పటికీ ఆ రేకు వేలాడతానే ఉండాది:
'ఇచ్చట నెంబరు ప్లేట్లు రాయబడును'.
రాసేదేం లేదు.
మిషన్లు గుద్దిన ప్లేట్లొచ్చినాక
నా సున్నాలూ నా ఎనిమిదులూ
చేతిలోనే మిగిలిపోయినాయి.

ఎనిమిది తిప్పిన చేతికి
బొమ్మ కన్ను ఒక లెక్కా అనుకున్నా.
లెక్కే.
ఎనిమిది ఎవర్నీ చూడదు.

మొదటేడాది నేను దిద్దిన శెట్టమ్మకి మెల్లకన్నొచ్చింది.
పప్పూ బెల్లమూ పరుచుకున్న అంగట్లో కూర్చోని
పక్కనున్న మొగుణ్ణి వదిలేసి
తక్కెడనే చూస్తా ఉండాదని
బైరాగిపట్టెడలో ఆ ఇంటోళ్ళు
ఏటేటా కొలువులో నవ్వుకుంటారంట.
"మారుస్తానమ్మా, దుడ్లొద్దు" అన్నా.
"ఉండనీలే, యాపారం చేసుకునేది గదా" అన్నారు.

ఆషాఢం దాటితే మొదలు.
అట్టపెట్టెల్లో, పాత పంచల్లో,
కలరా ఉండల వాసనతో దిగతాయి.
మెడ విరిగిన ఆవు,
ముక్కు లేని పోలీసు,
పెళ్ళి ఊరేగింపులో ఒక నాదస్వరం, దాన్ని పట్టుకున్న రెండు చేతులు,
వాయించే మనిషి మాత్రం లేడు.
చింతగింజల జిగురు కాస్తా,
సుద్ద నూరతా,
ఎండనిస్తా.
కన్ను ఆఖర్న. కన్ను పెట్టినాక
దాని ముందర బీడీ ముట్టించబుద్ధి కాదు.

పోయిన నెల ఒకామె వచ్చింది, పద్మసులోచన.
కరెంటాఫీసులో పనంట.
హెల్మెట్ తియ్యకుండానే
మరపాచి జంటని బల్ల మీద పెట్టింది.
ఎర్రచందనం. నలుపు తిరిగిన ఎరుపు.
రాజు నిక్షేపంగా ఉండాడు.
రాణికి ఎడమ పాదం లేదు.

విరగలా.
విరిగితే పెళుసు అంచు మిగలాల గదా.
ఇది ఏటవాలుగా, నున్నగా,
ఆఖరి రోజు సబ్బుబిళ్ళలాగా ఉండాది.
"ఇన్నేళ్ళూ గోడకానించి పెడతా ఉండాం.
ఈసారన్నా నిలబడనీ" అనేసి పోయింది.

ఎర్రచందనం ముక్క కావాలని
ఈ ఊళ్ళో ఎవర్ని అడిగినా
ముందు అటూ ఇటూ చూస్తారు.
వేపముక్క చెక్కినా. ఐదు వేళ్ళు, ఒక మెట్టె.
రంగే కుదర్లా.
నాలుగుసార్లు కలిపినా ఇటిక రంగే తప్ప చెక్క రంగు రాలా.
తడిపితే అసలు రంగు తెలుస్తుందని
రాణిని సాసర్లో నీళ్ళల్లో ముంచి
అరిగిన చోట బొటనవేలితో రుద్దినా.

నీళ్ళు ఎర్రగా దిగినాయి.
నా వేలు ఎర్రగా దిగింది.
అప్పుడు తెలిసింది
ఇది నడిచి అరిగిన కాలు కాదని.

శనివారం ఆమె వచ్చినప్పుడు అడిగినా:
"దీన్ని సానరాయి మీద అరగదీసిందెవరు?"
హెల్మెట్ తీసింది.
చెయ్యి దానంతటదే దవడ మీదికి పోయింది.
"మా అవ్వ. గవదబిళ్ళలు.
తమ్ముడికి రెండు పక్కలా, నాకు ఒక పక్క.
ఎండాకాలం సెగ్గడ్డలొస్తే వీధిలో పిల్లోళ్ళందరికీ."
కాసేపాగి,
"రాజుని ముట్టుకోలేదు మా అవ్వ.
మొగోడి కాలు అరగదీస్తే ఇంటికి మంచిది కాదంట."
నవ్వింది. సగమే.

ఆ పాదానికి జిగురు పెట్టలేదు నేను.
చిన్న చీల కొట్టినా.
తొడిగితే నిలబడతాది,
లాగితే వచ్చేస్తాది.
"తొమ్మిది రోజులు తొడగండి.
పదో రోజు మీ ఇష్టం."

ఆమె తొడిగి చూసింది.
తీసి చూసింది.
వేపపాదాన్ని చిల్లర పర్సులో వేసుకోని,
అరిగిన చోటుని ఒకసారి చెంపకి ఆనించుకోని
రాణిని సంచిలో పెట్టుకుంది.

"రాజుకేమన్నా చెయ్యాల్నా?
మీసం కొంచెం దిద్దొచ్చు" అన్నా.

"వాడికేం, దేనికీ వాడలేదు గదా.
అట్లే ఉండనీ."

బండి మలుపు తిరిగింది.
బొటనవేలి ఎరుపు రెండు నాళ్ళకి గానీ పోలేదు.
బల్ల మీద
ముక్కు లేని పోలీసు
ఎప్పట్నించో నిలబడే ఉండాడు.