ఇరవై మూడు కిలోలు

మిర్చియార్డులో కాటా వేసే కోటయ్యనడిగి
కొక్కెం తక్కెడ తెచ్చుకుంది మెసెరెట్.
మేడమీద వరండా చువ్వకి తగిలించి
పొద్దుట్నుంచీ పెట్టె తూస్తోంది.
ముల్లు ఇరవై ఆరు దగ్గర ఆగుతుంది.
ఏదో తీస్తుంది.
మళ్ళీ తూస్తుంది.

కొరిటెపాడులో ఆ పైగదిలో
నాలుగేళ్ళ ఏడు నెలలుంది.
వచ్చిన కొత్తలో, మార్చి నెల ఘాటుకి
వీధి చివరిదాకా వినపడేలా తుమ్మేది.
ఇప్పుడు వీధిలో ఏ పిల్లాడు తుమ్మినా
పిట్టగోడ మీంచి వంగి
"చిరంజీవ" అంటుంది.

నేను కింద గదిలో క్యారేజీలు కడతాను.
ఆమె పేరు రాయడం రాక
లెక్కల పుస్తకంలో 'పైగది' అని రాసుకున్నాను.
నిన్న బాకీ మొత్తం తీర్చేసింది.
పేజీ అడ్డంగా కొట్టేయమంటే
పెన్ను కనపడలేదన్నాను.
జాకెట్లోనే ఉంది.

ఆఖరి రోజులంటే నాకు తెలుసు.
సాల్మియాలో తొమ్మిదేళ్ళు వంట చేశాను.
ఊరికి పోతున్న సంతోషాన్ని
కొత్త గాజులు చూపించినట్టు
అడిగినవాళ్ళందరికీ చేయి చాపి చూపించేదాన్ని.
లోపల మాత్రం ఒకటే దిగులు:
ఆ ఇంటి ఫ్రిజ్ తలుపుకి కిందిమూల రబ్బరు ఊడిపోయింది.
మోకాలితో నెట్టి మూయాలి.
ఇన్నేళ్ళూ నేర్చుకున్న ఈ మోకాలి విద్య
గుంటూరులో ఎవరిక్కావాలి?

అక్కడ నా పక్కమంచం ఆల్మాజ్‌ది.
మెసెరెట్ దేశం మనిషే.
మా ఇద్దరికీ కలిపి ఒక భాషంటూ లేదు,
సగం అరబ్బీ, సగం చేతులు.
దేనికైనా "ఇషీ" అనేది. సరే అని.
మేడం తిట్టినా ఇషీ,
జీతం రెండు నెలలు రాకపోయినా ఇషీ.
నేను వచ్చేసే రాత్రి, జిప్పు పడటానికని
నా పెట్టె మీదెక్కి కూర్చుంది.
జిప్పు పడింది.
ఆమె దిగలేదు.

అందుకే, ఈ పిల్ల మొదటిరోజు
బకెట్టు మోసుకుంటూ మెట్లెక్కుతుంటే
"ఇషీ" అన్నాను, ఇంకో మాట రాక.
బకెట్టు వదిలేసింది.
నీళ్ళన్నీ నా గడపలోకొచ్చాయి.

పైన ఏం తీస్తోందో చప్పుడుతో తెలుస్తోంది.
చెప్పులు. స్టీలు గ్లాసు.
దబ్బున పడింది మాత్రం అట్టలేసిన పుస్తకం.
నాలుగేళ్ళు దానికోసమే
మన చేలగట్ల మీద తిరిగి
సంచుల్లో మట్టి తెచ్చింది.
పుస్తకం వెళ్తుందట.
మట్టి యూనివర్సిటీ గదిలోనే ఉండిపోతుందట,
సంచి సంచికీ ఊరిపేరు రాసి.

ఎండుమిరప పొట్లం మాత్రం తీయలేదు.
"మీ దేశంలో మిరపకాయల్లేవా పిల్లా?"
"ఉన్నాయి జానక్కా. కానీ నేను తుమ్మింది వీటికే."

ఇంకొకటుంది, ఎవరికీ చెప్పలేదు.
గడప దాటేటప్పుడు 'పోతున్నా' అనకూడదు,
'వెళ్ళొస్తా' అనాలని
చెవి మెలిపెట్టి నేర్పింది నేనే.
యూనివర్సిటీకి, కూరగాయలకి,
ఆఖరికి మేడమీదికి ఎక్కుతూ కూడా
"వెళ్ళొస్తా అక్కా" అంటుంది.
గురువారం రాత్రి బస్సు దగ్గర కూడా అంటుంది.
అలవాటుగా అంటుందో, తెలిసి అంటుందో.
నేనప్పుడు మొహం ఎటు పెట్టుకోవాలి?
సాల్మియాలో ఆల్మాజ్‌కి నేనూ
తెలుగులో అదే మాట చెప్పొచ్చాను.
అర్థమేంటని అడగలేదు.
ఇషీ అంది.

"అక్కా! సరిగ్గా ఇరవై మూడు!"
పిట్టగోడ మీంచి చేతులూపుతోంది,
జుట్టంతా దుమ్ము, నవ్వంతా పళ్ళు.

యార్డు తక్కెడ కదా,
ఎప్పుడూ ఉన్నదానికన్నా తక్కువే చూపిస్తుంది.
రైతులందరికీ తెలుసు.
చెప్పాలి.
రేపు చెబుతాను,
ప్రయాణం గురువారం కదా.