గంధకం వత్తి

మొదలు ముక్కుకు తెలుస్తది.
కంటికి ఆ తర్వాత.
పుస్తకం చదివినోళ్ళకు అన్నిటికంటె ఆఖర్న.
మిర్యాలగూడ ఐస్ ఫ్యాక్టరీల
కంప్రెసర్ దడదడ కొట్టుకునే గదిల
లతీఫ్ ఉస్తాద్ నాకు చెప్పిన తొలి పాఠం ఇదే.
నాకప్పుడు పదిహేడేండ్లు.

"లీకైతె ముందుగాల్ల గాలిని చూడు,
గాలికి ఎదురు పో.
తువ్వాల తడుపు, ముక్కుకు పెట్టు.
నన్ను పిలువకు,
నేను నీకంటె ముందే ఉరుకుతుంట."
నవ్వెటోడు. ఒక కన్నే నవ్వేది.
ఇంకోటి, ఎనభై తొమ్మిదిల వాల్వు పగిలిన రాత్రి
పాలలెక్క తెల్లగై ఆగిపోయింది.

ముప్పై ఏండ్ల పైన అమ్మోనియాతోని చలి చేసిన.
వాడపల్లి చేపలకు,
పెండ్లిండ్ల నీళ్ళ డ్రమ్ములకు,
ఎండాకాలం సచ్చినోళ్ళ పక్కన పెట్టే దిమ్మెలకు.
చలి తప్ప దానికింకేం రాదనుకున్న.

మొన్న ఒక పిల్ల వచ్చింది,
హెల్మెట్ చంకల పెట్టుకొని. ధీరావత్ శిరీష.
దామరచర్ల దిక్కు తండా,
కృష్ణ ఒడ్డున కరెంటు ఫ్యాక్టరీల ఇంజినీరు.
"కాకా, బొగ్గు కొంత తీసేసి
అమ్మోనియా మండిచ్చి చూద్దామనుకుంటున్నం.
మా వాళ్ళకు దాని వాసన తెల్వదు. నేర్పుతవా?"

మంచు చేసేదాన్ని మండిస్తరా బిడ్డా?
ఇన్నేండ్లు సంసారం చేసినదాంట్ల
నిప్పున్నదని నాకెవ్వరు చెప్పలే.

"మండుతది, కని జర బద్ధకం.
తొందరగ అంటుకోదు, మంట మెల్లగ నడుస్తది.
దాంట్ల బొగ్గు అంశ లేదు, పొగల కూడ ఉండదు.
సరిగ కాలకుంటె మాత్రం వేరే విషం పుడ్తది,
దాన్ని పట్టుకోవాలె."
అబద్ధం చెప్పనందుకు
ఇంకో చాయ్ తెప్పిచ్చిన.

ఎండతోని కరెంటు తీసి,
ఆ కరెంటుతోని నీళ్ళు పగలగొట్టి,
గాలిల నత్రజని కలుపుతరట.
ఎండకైతె మాకు కరువు లేదు.
నీళ్ళు పగలగొడ్తరా!
మా అమ్మమ్మోళ్ళ మర్రిగూడ దిక్కు
ఇన్నాళ్ళు నీళ్ళే మనుషుల ఎముకలు వంచినయ్.
"ఇప్పటికైతె గ్యాసు నుంచే వస్తున్నది కాకా,
ఎండది ఇంకా దూరం."

ఓడలు కూడ ఇదే తాగుతయట.
నేను సముద్రం చూడలే.
మా బ్రైన్ ట్యాంకే నా సముద్రం,
ఉప్పు నా చేతులతోనే పోసిన.
డబ్బాలు మెడదాక మునిగి నిలబడ్తయ్,
అల ఒక్కటి లేదు.
అండ్ల ఒక ఓడను పెట్టుకొని చూసిన.
నల్ల పొగ లేదు. ఇంజను గదిల
ఎవరో పదిహేడేండ్ల పోరడు.
గాలికి ఎదురు పొమ్మంటె
నడి సముద్రంల వాడు ఎటు ఉరుకుతడు?

ఇంకోటి అడుగకుంట ఉండలేకపోయిన.
ఆగస్టుల మా సొసైటీ ముందట
యూరియా కోసం చెప్పులు లైన్ల నిలబడ్తయ్,
మనుషులు గోడ నీడకు కూసుంటరు.
బస్తాల తెల్లగింజలు కూడ దీని సంతానమే.
"వరికి పోవాల్నా, బాయిలర్‌కు పోవాల్నా?
లైన్ల ఎవరి చెప్పులు ముందటుంటయ్?"

శిరీష గ్లాసు అడుగుల చూసింది.
"మా నాయినయి కూడ అక్కడ్నే ఉంటయ్ కాకా,"
అన్నది. ఇంకేం అనలే.

సర్లే అని లేచిన.
గంధకం వత్తి ముట్టిచ్చి
పైపుల వెంట తిప్పుకుంట నడిచినం.
మూడో వాల్వు కాడ
ఉత్త గాలిల నుంచి తెల్లపొగ లేసింది,
సన్నగ, సూదిల దారమంత.
"చూసినవా? అది లీకు."
ఆమె కండ్లల్ల నీళ్ళు. వాసనకే.
నట్టు బిగించిన. పొగ ఆగింది.

వత్తి ఆమె చేతికిచ్చిన.
"ఇగ నువ్వు తిప్పు.
కంప్రెసర్ ఎనక ఇంకోటున్నది.
యాడనో నేను చెప్ప."