తూచిన ఇసక

ముక్తేశ్వరం రేవులో పంటు దిగేటప్పుడు
సైకిలు ఎత్తలేకపోయాను.
ఏళ్ల తరబడి ఎత్తుతున్న సైకిలే,
ఆవేళ టపా సంచీ కూడా సగం ఖాళీయే.
వెనకనించి ఒక కుర్రాడు
"ఉండండి మామ్మగారూ" అని
ఒంటి చేత్తో ఒడ్డున పెట్టేశాడు.
నాకప్పటికి నలభై ఆరు.
ఆ మాట లంకలో ఉత్తరాలన్నీ పంచిందాకా
కారేజీ మీద కూచునే ఉంది.

ఇంటికొచ్చి ఏమున్నాయో వెతికాను.
మిక్సీ వచ్చాక పని లేక
పెరట్లో బోర్లా పడున్న పొత్రం.
అయిదు లీటర్ల నూనె డబ్బాలు రెండు, పిడులు గట్టివి.
ఒక పాత నేత దుప్పటి.
డబ్బాల్లో ఏం పొయ్యాలని ఎవర్నీ అడగలేదు,
గోదారి గట్టున ఉన్నవాళ్లు ఇసక కొనుక్కోరు.
పార్సిలు కాటా మీద తూచాను
(డిపార్టుమెంటు వారు మన్నించాలి):
ఎండు ఇసక ఎనిమిది కిలోలు,
నీళ్లు పోస్తే పావు తక్కువ పది.

దుప్పటి కొసన ముడేసి తలుపు సందులో బిగించి
రెండో కొస పట్టుకుని వెనక్కి వాలి
నన్ను నేనే తోడుకున్నాను
నూతిలోంచి చేదని లాగినట్టు.

దండీలు నేల మీద ఒక్కటీ రాలేదు.
గోడని తోశాను.
ఇరవై రోజులకి గోడ విసుగెత్తి
అరుగు దగ్గరికి పంపింది.
అరుగు, మెట్టు దగ్గరికి.
మెట్టు నన్నింకా నేలకి ఒప్పజెప్పలేదు.

గుంజీలు మాత్రం బడిలో నేర్చినవే.
పదమూడో ఎక్కం రానందుకు
శారదాంబ టీచరు తీయించినవి
ఇప్పుడు ఎవరూ చెప్పకుండా తీస్తున్నాను,
చెవులొదిలేసి, పొత్రం గుండెకి హత్తుకుని.
చంటిపిల్లని ఎత్తుకున్నట్టు అందామంటే
అంత మొండి పిల్ల ఏ ఇంట్లోనూ పుట్టదు.

మర్నాడు దొడ్లో కూచున్నదాన్ని
లేవలేక కుళాయి గొట్టం పట్టుకు వేలాడాను.
నవ్వొచ్చింది, నవ్వితే పొట్ట కూడా నొప్పే.
రోజు విడిచి రోజు చాలని ఆ గొట్టమే చెప్పింది.
అరటి తోటకైనా
తడికీ తడికీ మధ్య ఆరనివ్వమూ?

మా ఆయన రొయ్యల చెరువు కాపలా.
రాత్రంతా ఏరియేటర్ల హోరు, పగలు నిద్ర.
పొత్రం దింపినప్పుడల్లా ఉలిక్కిపడి
"ఏం పడిందే భవానీ" అంటాడు.
"నేను కాదు, పడుకోండి" అంటాను.

పాడైన మనియార్డరు ఫారాల వెనక
పెన్సిలుతో రాసుకుంటాను.
గోడ పన్నెండు. పొత్రం ఆరు, ఏడోది సగం.
జ్వరం.
పొత్రం తొమ్మిది.
వైశాఖంలో ఆడపడుచు కూతురి పెళ్లి, ఏమీ లేదు.
మళ్లీ పొత్రం ఆరు.
ఎవరికీ చేరనక్కర్లేని ఫారాలు,
వెనక్కి రావన్న ధీమాతో తప్పులు కూడా రాశాను.

ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక.
రాత్రి పదింటికి మైకు బండి.
అటక మీద మా ఆయన, నిచ్చెన మీద నేను.
స్టాంపుల పెట్టె, పొయ్యి, ఆఫీసు రిజిస్టర్లు,
పాతిక కిలోల బియ్యం బస్తా.
బస్తా భుజాన వేసుకుని నాలుగో మెట్టు దగ్గర
కాళ్లు వణికాయి.
వణుకుతూనే ఎక్కాయి.
చివర్లో డబ్బాలందించాను.
"వరదొస్తే ఇసక తెస్తుంది గానీ
పట్టుకుపోతుందా, ఇదెందుకే పైకి?"
"అది తూచిన ఇసకండీ."

నీళ్లు రెండో మెట్టు దాకా వచ్చి
మూడ్రోజులు ఆలోచించి వెళ్లిపోయాయి.
గుమ్మంలో బురద, బురదలో ఒక జెల్ల పిల్ల.

సామానంతా దింపుతుంటే
ఆయన ఒక డబ్బా అందుకుని
కింద పెట్టకుండా
అలాగే నించున్నాడు కాసేపు.
చెయ్యి మార్చుకున్నాడు.
"ఎన్నిసార్లు ఎత్తుతావేంటి దీన్ని?" అన్నాడు.