స్లిప్పు

మెషిన్స్ ల్యాబుల మూడో బల్ల.
మోటరు షాఫ్టు మొనకు టాకోమీటరు ఒత్తి పట్టుకున్న.
పద్నాలుగు వందల నలభై.
"రాసుకో" అన్నడు మొయిజ్ భాయ్.
ఆయన జేబుల ఎప్పుడూ ఒక టెస్టరు, ఒక సోంపు పొట్లం.

నాలుగు పోళ్లు, యాభై సైకిళ్లు.
లెక్క ప్రకారం పదిహేను వందలు తిరగాలె.
"మిగిలిన అరవై ఎటు పోయినై?"
సారు అడిగిండు. ఇంగ్లీషుల అడిగిండు.
నా లోపల అది తెలుగైతుండంగనే
ముందు బల్లోడు చెప్పేసిండు.

నేనెప్పుడూ గంతే.
క్లాసంత నవ్వి ఊకున్నంక
ఒక్కదాన్నే నవ్వి తలొంచుకుంట.
మొదటి సెమిస్టరు స్లిప్ టెస్టుల ఇరవైకి మూడు.
కాగితం నాలుగు మడతలేసి
చున్నీ కొసకు ముడేసుకొని
ఆటోకు పైసలుండి గూడ
మెట్టుగడ్డ దాంక నడిచిన.

కల్వకుర్తిల కుర్మయ్య మామది వైండింగు షాపు.
రేకుల కొట్టు. ముందట కాలిన మోటర్లు
సర్కారు దవాఖాన వరండాల లెక్క వరుసగ.
రైతు మోటరు కాలితేనే మా ఇంట్ల కూర.
ఆ మాట బయట అనొద్దని అత్త కసిరేది.

చుట్లు లెక్కవెట్టేది నేను,
పది చుట్లకో చింతగింజ.
ఒక్క గింజ తప్పితే మోటరు మళ్లొస్తది,
దాని ఎనుక తిట్లొస్తయి.
వెదురు బద్దలు చెక్కి గాళ్లల్ల దిగ్గొట్టి
వార్నిష్ వోసి ఆరబెట్టినంక
మామ ఖాళీ స్టేటరుల బేరింగు గోలీ ఒకటేసి
కరెంటు ఇడిసేటోడు.
గోలీ ఉరికేది
గోడ ఎంబడి, గుండ్రంగ,
ఎవరూ నూకకుండనే.

ఎనిమిదేండ్లు నాకప్పుడు.
"ఎవరు ఉరికిస్తున్నరు మామా?"
"కండ్లకు అవుపడనోడు. వాడు ముందుంటడు,
ఇది వాన్ని పట్టవోతది."
"పట్టుకుంటదా?"
"పట్టుకుంటే ఆగిపోతది పిల్లా."

మూడో సంవత్సరం పుస్తకంల
అదే ముచ్చట పదకొండు పేజీలు.
బాణాలు, కొసైన్లు, నూట ఇరవై డిగ్రీలు,
ఎక్కడంటే అక్కడ ఒక జే.
జే అంటే లేని సంఖ్య, ఉన్నదనుకోవాలె అన్నరు.
అనుకోనీకి నాకు ఒక ఏడాది, ఒక బ్యాక్‌లాగు పట్టినై.
పదకొండు పేజీలు తిరగేసిన.
ఎక్కడా గోలీ లేదు.

వైవాకు బయటి నుంచి ఒక మేడం వచ్చింది.
కండ్లద్దాలు తుడుసుకుంట అడిగింది,
రోటరు ఆ వేగాన్ని ఎందుకు అందుకోలేదని.
నోరు తెరిచిన. ఇంగ్లీషు రాలె.
"పట్టుకుంటే ఆగిపోతది మేడం."
పెన్ను ఆగింది.
"అంటే టార్కు?"
"సున్నా."
మేడం ఏదో రాసుకుంది. మెచ్చుకున్నదో లేదో తెల్వదు.
మార్కులైతే మామూలుగనే వచ్చినై.

రాత్రి మామ ఫోను.
వంగూరు దిక్కెల్లి ఐదు హార్సుపవరు మోటరొచ్చిందట.
"రెండు వరుసలు బొగ్గు. మూడోది
నిన్న చుట్టిన రాగి లెక్క మెరుస్తుంది."
"ఒక ఫేజు పోయింది మామా."
"అది నాకెరుకే. మీ కాడ దాన్ని ఏమంటరు?"
"సింగిల్ ఫేజింగ్."
రెండుసార్లు అనుకున్నడు,
కొత్త స్పానరు చేతిల తిప్పి చూసినట్టు.
"మేం మూలుగు అంటం. కాలే ముందు
మోటరు మూలుగుతది. గెట్టు మీద పన్నోనికి
ఇనవడది, నిద్రల ఉంటడు. రాసుకున్నవా?"

రాసుకున్న. రికార్డు అట్ట ఎనుక, పెన్సిలుతోని.
మార్జిన్ల చింతగింజంత చుక్క ఒకటి పెట్టిన,
ఎందుకో తెల్వదు.

పక్క రూముల ఎవరో జోకేసిన్రు.
గోడ అవతల అందరు నవ్వుతున్నరు.
నాకింక చేరలె.